జబులానీ, బ్రజూకా: గోల్‌కీపర్ వైపు నుంచి చూస్తే

2010 దక్షిణాఫ్రికా ఫుట్‌బాల్ ప్రపంచ కప్ బంతి జబులానీ. జులూ భాషలో ఆ మాటకు 'సంబరపడండి' అని అర్థం. గోల్‌కీపర్లకు మాత్రం అది టెన్షనే మిగిల్చింది. 8 ముక్కలను వేడితో అతికించారు. అతుకులు తక్కువ, లోతూ తక్కువ. బంతి మరీ నున్నగా ఉంటే గాలి దాన్ని సరిగ్గా పట్టుకోదు. సుడి లేకుండా గట్టిగా తన్నితే, గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగం దగ్గర అది గాల్లోనే అటూ ఇటూ ఊగిపోతుంది. ఫ్రీకిక్కులు ఎక్కువగా వెళ్ళేది ఆ వేగంతోనే. స్పెయిన్ కీపర్ కసియాస్ దాన్ని బహిరంగంగానే విమర్శించాడు. ఉరుగ్వే ఆటగాడు ఫోర్లాన్ మాత్రం అదే బంతితో 5 గోల్స్ కొట్టాడు, అది వేరే సంగతి.

2014 బ్రెజిల్ ప్రపంచ కప్‌కి వచ్చిన బ్రజూకాలో ముక్కలు 6కి తగ్గాయి. అయినా అతుకుల మొత్తం పొడవు సుమారు 2 మీటర్ల నుంచి 3 మీటర్లు దాటింది, లోతూ పెరిగింది. ముక్కలు మెలికలు తిరిగి ఉండటమే కారణం. దాంతో ఆ ఊగుడు తక్కువ వేగాలకు మారిపోయింది, గట్టి షాట్లు నిలకడగా వెళ్ళాయి.

నా ఓటు బ్రజూకాకే. కీపర్ ఓడితే తన్నినవాడి నైపుణ్యానికి ఓడాలి, బంతి చపలత్వానికి కాదు.