అన్న క్యాంటీన్: పప్పుకు మంచి మార్కులు, బోర్డుకు తక్కువ మార్కులు

కోస్తాలోని మా పట్టణంలో ఆర్టీసీ బస్టాండుకూ ప్రభుత్వాసుపత్రికీ నడుమ ఉన్న అన్న క్యాంటీన్‌లో మధ్యాహ్న భోజనం చేయదలచినవారు పన్నెండున్నరకు కాస్త ముందే వెళ్ళి వరుసలో నిలబడటం మంచిది. కౌంటర్లో ఐదు రూపాయలిస్తే టోకెన్ చేతికొస్తుంది. ఆధార్ అడగరు, రేషన్ కార్డు అడగరు, ఏ వార్డు అని కూడా అడగరు. ఈ పథకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం ఇదే. మన దగ్గర ప్రభుత్వం ఏది ఇచ్చినా ముందు అర్హుల జాబితా ఒకటి తయారవుతుంది, ఆ జాబితాలో పేరెక్కించే పని మీద వార్డు నాయకుడొకడు బతుకుతుంటాడు. ఇక్కడ ఆ నాయకుడికి పని లేదు. ఆటో డ్రైవర్లు, అడ్డా మీద ఆ రోజు పని దొరకని తాపీ కూలీలు, రోగుల వెంట పల్లెల నుంచి వచ్చిన బంధువులు, పోటీ పరీక్షల కోచింగ్ కుర్రాళ్ళు, పిల్లలు దూరాన ఉన్న వృద్ధులు ఒకే వరుసలో నిలబడతారు.

పళ్ళెంలో అన్నం, ఒక కూర, పప్పు గానీ సాంబారు గానీ, పచ్చడి, పెరుగు ఉంటాయి. అన్నం నాకు ఎక్కువే, బరువులు మోసి వచ్చినవాడికి సరిపోతుంది. వంట అక్కడ చేయరు. పెద్ద వంటశాలలో వండి, డబ్బాల్లో సర్ది, వ్యాన్‌లో తెస్తారు. ఇందువల్ల శుభ్రత, కొలత కుదిరాయి గానీ రుచి కొంత తగ్గింది. ఉప్పూ కారమూ ఎవరికీ ఇబ్బంది కలగకుండా నడిమధ్యన ఆగిపోవడంతో, గుంటూరు కారానికి అలవాటుపడ్డ నాలుకకు ఆ సాంబారు పథ్యం భోజనంలా తోస్తుంది. వేపుడు కూరలు డబ్బాలో మగ్గి మెత్తబడతాయి. పప్పు మాత్రం వేడి తగ్గకుండా, చిక్కగా వస్తుంది కాబట్టి పప్పున్న రోజు వెళ్ళమని నా సలహా. ఉదయం టిఫిన్లలో ఇడ్లీ కన్నా పొంగల్ మేలు. చేతులు కడుక్కునే చోట నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పెద్దవారిని తీసుకెళ్ళేవారు చూసుకోవాలి.

ఈ ధరకు ఇంతకన్నా ఆశించడం న్యాయం కాదని కొందరంటారు. నేను ఒప్పుకోను. 2024లో పథకాన్ని తిరిగి మొదలుపెట్టినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం మనిషికి మూడు పూటలకు అయ్యే ఖర్చు 90 రూపాయలు. అందులో తినేవాడు ఇచ్చేది 15 రూపాయలు, మిగతాది ప్రభుత్వం భరించేది, దాతలు ఇచ్చేది. అంటే ఇది ఎవరో దయతలచి పెట్టే అన్నం కాదు, అధిక భాగం మన పన్నులతో వండిన అన్నం. కూర బాగాలేకపోతే బాగాలేదని చెప్పే హక్కు వరుసలో నిలబడిన ప్రతివారికీ ఉంది.

ఇక బోర్డు సంగతి. ఈ క్యాంటీన్లు 2018 జూలైలో విజయవాడలో మొదలయ్యాయి. మరుసటి ఏడాది ప్రభుత్వం మారగానే మూతపడ్డాయి. నిర్మాణాల్లో అక్రమాలు జరిగాయన్నది అప్పటి ప్రభుత్వ వాదన. అది నిజమే అనుకున్నా, కాంట్రాక్టరు మీద విచారణ జరిపించడానికి కూలివాడి పళ్ళెం లాక్కోవలసిన అవసరమేమిటో ఆ ఐదేళ్ళలో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. కట్టిన భవనాలు కొన్ని పాడుబడ్డాయి, కొన్ని వేరే అవసరాలకు పోయాయి. 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్ళీ తెరిచారు.

మూసినవారిది తప్పు. అయితే తెరిచినవారు మాత్రం ఆ తప్పు నుంచి ఏం నేర్చుకున్నారన్నది నా సందేహం. తెలుగుదేశం పార్టీ వ్యవస్థాపకుడు ఎన్టీఆర్‌ను అభిమానులు పిలుచుకున్న పిలుపునే పేరుగా పెట్టి, గోడలకు పసుపు రంగు వేసి, ముఖ్యమంత్రి బొమ్మ తగిలిస్తే, అవతలి పార్టీ కార్యకర్తకు అది భోజనశాలలా కాక ప్రచార కార్యాలయంలా కనిపించడంలో వింతేముంది? పంచాయతీ భవనాలకు వైసీపీ రంగులు వేసినప్పుడు వాటిని తొలగించాలని 2020లో హైకోర్టు ఆదేశించింది, సుప్రీంకోర్టు కూడా ఆ ఆదేశాన్నే సమర్థించింది. ఆనాడు ఆ తీర్పును చూసి సంబరపడిన మా ఊరి నాయకులు ఈ పసుపు గోడల దగ్గర నోరు మెదపరు.

హైదరాబాద్‌లో ఐదు రూపాయల భోజనం 2014 మార్చి నుంచి జీహెచ్ఎంసీ ఆధ్వర్యంలో నడుస్తోంది. తెలంగాణ వచ్చాక టీఆర్ఎస్ పాలనలో అది అన్నపూర్ణగా కొనసాగింది. 2025లో ఇందిరమ్మ క్యాంటీన్‌గా పేరు మార్చి, ఉదయం టిఫిన్ కూడా చేర్చారు. అన్నపూర్ణ పేరు తీయడం మీద గొడవ జరిగింది, జరగవలసిందే కూడా. ఉన్న పేరుతో ఎవరికీ నష్టం లేనప్పుడు మార్చడం దేనికి? కానీ పాలకులు మారినా అక్కడ పళ్ళెం తీసేయలేదు. రోడ్డు పక్కన చిన్న డబ్బా లాంటి కేంద్రాలు కావడం, ముఖ్యమంత్రి పేరు మీద గాక నగరపాలక సంస్థ పద్దులో నడవడం ఇందుకు చాలావరకు కారణమని నేననుకుంటాను. చెన్నైలో జయలలిత 2013లో మొదలుపెట్టిన అమ్మ ఉణవగాన్ని, అంటే అమ్మ క్యాంటీన్‌ను, 2021లో అధికారంలోకి వచ్చిన డీఎంకే అదే పేరుతో కొనసాగించింది. ఒక చోట బోర్డు చించేసిన సొంత కార్యకర్తల మీద చర్య తీసుకుని, బోర్డును తిరిగి పెట్టించింది. రాజకీయ కక్షలకు పేరుపడ్డ తమిళనాడులో సాధ్యమైనది మనకెందుకు కాదో ఇరు పార్టీలవారూ చెప్పాలి.

మా మున్సిపల్ కౌన్సిల్ సమావేశాల సంగతి చూస్తే, ఈ క్యాంటీన్ గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఒకరు ముఖ్యమంత్రికి ధన్యవాదాలు చెబుతారు, మరొకరు వాకౌట్ చేస్తారు. సాంబారు నాణ్యత మీదో, కుళాయి దగ్గర నీరు నిలవడం మీదో, వ్యాన్ ఆలస్యం మీదో ప్రశ్న వేసిన కౌన్సిలర్ నాకు తెలిసి లేడు. నిధులు రాష్ట్రం నుంచి, వండిన భోజనం వేరే సంస్థ నుంచి వస్తుండగా తమ చేతిలో ఏముందని వారి సమాధానం. ఉండేలా చేసుకోవాలన్నదే నా వాదన. నిధులు రాష్ట్రమే ఇచ్చినా, మున్సిపల్ బడ్జెట్‌లో దీనికి ప్రత్యేక పద్దు పెట్టి, కౌన్సిల్ తీర్మానం లేకుండా మూయడానికి వీల్లేదని చట్టంలో రాయాలి. పేరు ఏదైనా పెట్టుకోవచ్చు, కానీ గోడకు మాత్రం మున్సిపాలిటీ రంగే వేయాలి.

అందాకా చేయగలిగిన చిన్న పని ఒకటుంది. అన్న క్యాంటీన్లకు ఆదివారం సెలవు. పక్కనున్న ఆసుపత్రిలో రోగులకు ఆ సెలవు లేదు, వారి వెంట వచ్చినవారి ఆకలికీ లేదు. కనీసం ఆసుపత్రుల దగ్గరి కేంద్రాలనైనా ఆదివారం మధ్యాహ్నం తెరిచి ఉంచాలని పురపాలక శాఖకు అర్జీ పెట్టడానికి ఏ పార్టీ కౌన్సిలర్‌కూ అధిష్ఠానం అనుమతి అక్కర్లేదు.