వ్యాక్యూమ్ లీక్ పట్టడానికి ఏది మేలు: డాంగిలా, స్ప్రేనా, స్మోక్ టెస్టా?

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, మా పాత పెట్రోల్ కారు స్టీరింగ్ సన్నగా వణికేది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే మాత్రం ఏ తేడా ఉండేది కాదు. కొన్నాళ్లకు చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. మా వీధి మెకానిక్ స్కానర్ పెట్టి, పి0171 కోడ్ చూసి, "ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నా, కొత్తది వేద్దాం" అన్నాడు. నిజానికి ఆ కోడ్ సెన్సర్ పోయిందని చెప్పదు. లోపల గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైందని చెబుతుంది. ఆ కబురు మోసుకొచ్చిందే సెన్సర్. దాన్నే పీకేస్తానంటే ఎలా?

గాలి ఎక్కడినుంచో దొంగతనంగా వస్తోందని, అంటే వ్యాక్యూమ్ లీక్ ఉందని అనుమానం వస్తే దాన్ని పట్టడానికి మూడు దారులున్నాయి. నా ఓటు ముందు డాంగిల్‌కే. ఆన్‌లైన్‌లో దొరికే కారు కంప్యూటర్ అంకెలు చదివే చిన్న బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ స్టీరింగ్ కింద పోర్ట్‌లో గుచ్చి, ఫోన్‌లో యాప్ తెరిస్తే షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు అంకెలు కనిపిస్తాయి. ప్లస్ ఉంటే కంప్యూటర్ తన లెక్క కంటే ఎక్కువ పెట్రోల్ పోస్తోందని, మైనస్ అయితే తగ్గిస్తోందని అర్థం. షార్ట్ టర్మ్ క్షణక్షణం ఊగుతుంది. లాంగ్ టర్మ్ నెమ్మదిగా నేర్చుకున్న అలవాటు. రెండూ కలిపి చూడాలి. మొత్తం ఐదు శాతం లోపుంటే బెంగ లేదు, పది దాటితే వెతకాలి.

ఒక్కచోట చూసి ఆగిపోతే ఏమీ తెలియదు. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, ముందు ఐడ్లింగ్‌లో చూడాలి, తర్వాత 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి చూడాలి. మా కారులో ఐడ్లింగ్‌లో రెండూ కలిపి ప్లస్ 24, రేస్ చేస్తే ప్లస్ 5. ఈ దిగడమే లీక్ గుర్తు. ఐడ్లింగ్‌లో ఇంజిన్ సెకనుకు రెండున్నర గ్రాముల గాలి పీలుస్తోందనుకోండి. పగుల్లోంచి దూరే అర గ్రాము అందులో ఇరవై శాతం. అదే పది గ్రాములు పీల్చేటప్పుడు ఐదు శాతమే. దీనికి తిరగబడి, ఐడ్లింగ్‌లో బాగుండి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ప్లస్ పెరుగుతుంటే లీక్ సంగతి వదిలేసి పెట్రోల్ పంపు, ఫిల్టర్, మురికి పట్టిన మాఫ్ సెన్సర్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది) చూసుకోవాలి. అన్నిచోట్లా ఒకేలా మూడు నాలుగు పెరిగితే మాత్రం కంగారు వద్దు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌లో ఆక్సిజన్ ఎక్కువ, కాబట్టి అంతే గాలికి కాస్త ఎక్కువ పోయాల్సి వస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది. ఈ లెక్కంతా మాఫ్ సెన్సర్ ఉన్న బండ్లకే. మాఫ్ గుమ్మం దగ్గర నిలబడి వచ్చే గాలిని లెక్కపెడుతుంది, గోడ కన్నంలోంచి దూరింది దానికి తెలియదు. మన చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి ఉండేది మ్యాప్ సెన్సర్. అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) లోపలి ఒత్తిడి చూస్తుంది, దొంగగాలి కూడా అందులో కలిసిపోతుంది, కంప్యూటర్ దానికీ పెట్రోల్ పోసేస్తుంది. ట్రిమ్ సున్నా దగ్గరే ఉండి, ఐడ్లింగ్ మాత్రం పెరుగుతుంది. మా బావమరిది కారులో ఇదే జరిగింది. ట్రిమ్ బాగుందని నేనే ధీమాగా చెప్పి పరువు పోగొట్టుకున్నాను. అలాంటి బండిలో మ్యాప్ అంకె చూడాలి. వేడెక్కి నిలకడగా ఉన్న ఐడ్లింగ్‌లో 30 నుంచి 40 కిలోపాస్కల్ ఉండాల్సింది 50కి చేరితే అనుమానించాలి. అన్నట్టు, ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో పెడితే హైదరాబాద్‌లో 95 చూపిస్తుంది. సముద్రమట్టం దగ్గరుండే 101 లేదని సెన్సర్ మార్చకండి, మన ఊరు 500 మీటర్ల పైన ఉంది.

డాంగిల్ లీక్ ఉందని చెబుతుంది కానీ చోటు చూపించదు. అందుకే చాలామంది కార్బ్ క్లీనర్ స్ప్రే పట్టుకుంటారు. పగులు దగ్గర కొడితే ఇంజిన్ దాన్ని పీల్చుకుని ఆర్‌పీఎం మారుతుంది. చవకే, కానీ నాకు నచ్చదు. కాగుతున్న సైలెన్సర్ మానిఫోల్డ్ పక్కన అంటుకునే ద్రవం కొట్టడం కొరివితో తల గోక్కోవడమే. పైగా ఫ్యాన్ గాలికి స్ప్రే ఎటో కొట్టుకుపోతుంది. దానికంటే రబ్బరు హోస్‌లను ఒక్కొక్కటిగా బట్ట చుట్టిన ప్లయర్‌తో మెల్లగా నొక్కి ట్రిమ్ చూడటం మేలు. ఏది నొక్కితే ప్లస్ పడిపోతుందో దొంగ అటువైపే. తెరుచుకుని ఇరుక్కున్న పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌కు పంపేది) కూడా ఇలా దొరికిపోతుంది. ఎండకు పెళుసెక్కిన హోస్‌లను మాత్రం నొక్కకండి, విరుగుతాయి.

స్మోక్ టెస్ట్ మూడింటిలో ఖరీదైనది, చోటు చూపించడంలో దాన్ని మించింది లేదు. ఇంజిన్ ఆపి, గాలి మార్గం మూసి, తక్కువ ఒత్తిడితో పొగ ఎక్కిస్తారు. పొగ ఎక్కడ లేస్తే అక్కడే పగులు. కాకపోతే వేడికి మాత్రమే తెరుచుకునే గ్యాస్కెట్ సందు చల్లని ఇంజిన్‌లో తప్పించుకోవచ్చు. అసలు లీక్ ఉందో లేదో తెలియకుండానే దీనికి డబ్బు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. మాఫ్ బండికి ముందు డాంగిల్, తర్వాత హోస్‌లు నొక్కడం, అప్పటికీ దొరక్కపోతేనే పొగ. మ్యాప్ బండికి ట్రిమ్ నమ్మి కూర్చోకుండా మ్యాప్ అంకె, ఐడ్లింగ్ తేడాగా ఉంటే నేరుగా పొగకే వెళ్లడం నయం.

మా కారులో పొగ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కిందనుంచి లేచింది. చేయి కూడా దూరని చోట పీసీవీ హోస్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి గాలి మార్గంలోకి పంపే గొట్టం) వంపు దగ్గర చీలింది. అపార్ట్‌మెంట్ సెల్లార్ ఎలుకల పనేమో అనుకున్నాను, చూస్తే పళ్ల గుర్తులు లేవు, వేడికి ఎండిన రబ్బరే. రాణిగంజ్‌లో కొత్త హోస్ దొరికింది. వేసిన రోజే షార్ట్ టర్మ్ మైనస్‌లోకి వెళ్లింది, లాంగ్ టర్మ్ తన పాత అలవాటు వదులుకోవడానికి ఇంకో నాలుగు రోజులు తిప్పించుకుంది. ఇప్పుడు ఐడ్లింగ్‌లో మొత్తం ప్లస్ 3.