‘ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచురీ’: లారెల్, హార్డీల క్రీమ్ పైల యుద్ధానికి ఏ డిస్క్ మేలు?

లారెల్ అండ్ హార్డీ 1927లో తీసిన ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచురీ’ రెండు రీళ్ల మూకీ. ఇప్పుడు దొరికే రూపంలో సుమారు ఇరవై నిమిషాలు. ఇంట్లో చూడటానికి నాలుగు దారులున్నాయి. 2020లో అమెరికాలో వచ్చిన నాలుగు బ్లూ-రేల సెట్ ‘ది డెఫినిటివ్ రెస్టొరేషన్స్’ ఒకటి. 2023లో ఫ్లికర్ ఆలీ సంస్థ తెచ్చిన రెండు బ్లూ-రేల ‘ఇయర్ వన్’ రెండోది. 2024లో బ్రిటన్‌లో యురేకా సంస్థ విడుదల చేసిన ‘ది సైలెంట్ ఇయర్స్’ మూడోది. నాలుగోది యూట్యూబ్‌లాంటి చోట్ల ఉచితంగా కనిపించే కాపీలు.

ముందే చెప్పాలంటే, మూకీలంటే ఇష్టమున్నవాళ్లకు ‘ఇయర్ వన్’. ఇంట్లో అందరూ కూర్చుని లారెల్, హార్డీల మాటల చిత్రాలు కూడా చూడాలనుకుంటే 2020 సెట్. బ్రిటన్‌లో ఉంటే యురేకా. ఉచిత కాపీలను ఏరుకోవాలి, ఎలాగో కింద ఉంది. అయితే ఈ సినిమా ముక్కలైపోయి, మళ్లీ ఎలా అతుకుపడిందో తెలిస్తేగానీ ఏ కాపీలో ఏముందో పోల్చుకోవడం కష్టం.

తీసిన కథ

కల్వర్ సిటీలోని హాల్ రోచ్ స్టూడియోలో తీసి, ఎంజీఎం ద్వారా 1927 డిసెంబర్ 31న విడుదల చేశారు. దర్శకుడు క్లైడ్ బ్రక్‌మన్. అంతకు ముందే బస్టర్ కీటన్‌తో కలిసి ‘ది జనరల్’కి దర్శకత్వం వహించినవాడు. పర్యవేక్షణ లియో మెకారీది, కెమెరా జార్జ్ స్టీవెన్స్‌ది. వీళ్లిద్దరూ తర్వాతి రోజుల్లో ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ అందుకున్నారు. టైటిల్ కార్డుల రాత హెచ్. ఎం. వాకర్. రెండు రీళ్ల నవ్వుల బొమ్మకు ఇంత బలగం అప్పట్లో హాల్ రోచ్ దగ్గర మామూలు సంగతే.

మొదటి రీలు బాక్సింగ్. 1927 సెప్టెంబర్ 22న షికాగోలో బాక్సర్లు డెంప్సీ, టనీల పోటీ జరిగింది. ప్రత్యర్థిని పడగొట్టిన డెంప్సీ న్యూట్రల్ కార్నర్‌కి (రింగ్‌లో ఇద్దరిదీ కాని ఖాళీ మూలకు) వెంటనే వెళ్లకపోవడంతో రిఫరీ పదిదాకా పెట్టే లెక్క ఆలస్యమైంది, టనీ తేరుకుని గెలిచాడు. ఆ వేడి చల్లారకముందే రోచ్ స్టూడియో దాన్ని ఎత్తుకుంది. సినిమాలో స్టాన్ లారెల్ గుడ్డి అదృష్టంతో నోవా యంగ్‌ని పడగొడతాడు, మూలకు మాత్రం వెళ్లడు. అవతలివాడు లేచేదాకా లెక్క పూర్తికాదు. లేచాక ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రింగ్ చుట్టూ కూర్చున్న జనంలో ఒక కుర్రాడిని గమనించండి. తర్వాత ‘ఆబట్ అండ్ కాస్టెల్లో’ హాస్య జంటలో సగమైన లూ కాస్టెల్లో అతనే, అప్పటికి ఎక్స్‌ట్రా.

బాక్సింగ్ అయ్యాక ఆలివర్ హార్డీ తన బాక్సర్ స్టాన్ మీద బీమా చేయిస్తాడు. బీమా ఏజెంటు యూజీన్ పాలెట్. ఆ డబ్బు రావాలంటే స్టాన్‌కి ఏదో ఒకటి కావాలి కాబట్టి, దారిలో అరటితొక్క వేస్తాడు. జారిపడేది స్టాన్ కాదు, పైలు మోసుకుపోతున్న చార్లీ హాల్. ఒక పై విసిరితే ఇంకొకటి, అది తప్పి మూడో మనిషికి. అలా వీధి వీధంతా క్రీమ్‌మయమవుతుంది. (పై అంటే పిండి గిన్నెలో క్రీమో, పండో నింపి కాల్చే అమెరికన్ వంటకం. మొహాన కొట్టడానికే పుట్టినట్టుంటుంది.)

1927 నాటికే మొహాన పై కొట్టడం అరిగిపోయిన హాస్యం. స్టాన్ లారెల్ లెక్క వేరు. కొడితే ఇక ఎవరూ కొట్టలేనన్ని కొట్టాలి, ప్రతి దెబ్బకూ ఒక కారణం ఉండాలి. లాస్ ఏంజెలెస్ పై కంపెనీ నుంచి నిజం పైలే, 3,000 దాకా తెప్పించారని చెబుతారు. అయితే నవ్వు వచ్చేది సంఖ్య వల్ల కాదు, వరస వల్ల. దెబ్బ తిన్న ప్రతివాడూ ఒక క్షణం ఆగి, మొహం తుడుచుకుని, ఎవరిని కొట్టాలో చూసుకుని మరీ విసురుతాడు. చివర్లో అనీటా గార్విన్ మూల మలుపులో జారి పై మీద కూలబడి, కిందేముందో అర్థమయ్యీ కానట్టు లేచి, కాలు కాస్త విదిలించుకుని హుందాగా వెళ్లిపోతుంది. మొత్తం గొడవలో మాట లేకుండా పండిన ఘట్టం అదే. కాపీలను బేరీజు వేసేటప్పుడు ఈ ఆగే క్షణాలు మిగిలాయా, కత్తిరింపులో పోయాయా అన్నదే అసలు ప్రశ్న.

ఎలా పోయింది, ఎలా దొరికింది

అప్పట్లో సినిమాలకు వాడిన నైట్రేట్ ఫిల్మ్ కాలక్రమాన జిగురై, పొడై పోతుంది. రోచ్ మూకీల్లో చాలావాటికి ఆ గతే పట్టింది. 1957లో రాబర్ట్ యంగ్‌సన్ ‘ది గోల్డెన్ ఏజ్ ఆఫ్ కామెడీ’ అనే సంకలనం చేస్తూ ఈ పైల యుద్ధాన్ని కొన్ని నిమిషాలకు కుదించి, వ్యాఖ్యానం జోడించి వేశాడు. దశాబ్దాల పాటు లోకం చూసింది ఆ కుదింపునే. గొప్ప పేరు తెచ్చిందీ అదే, సినిమాను పాడుచేసిందీ అదే. దెబ్బలు ఉన్నాయి, దెబ్బకు దెబ్బకు మధ్య ఉండే ఆలోచన పోయింది. మొదటి రీలు 1970ల్లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో బయటపడింది. రెండో రీలు కోసం 2015 దాకా ఆగాల్సివచ్చింది. మూకీల సేకర్త జాన్ మిర్సాలిస్ దగ్గర, ఒకప్పటి యంగ్‌సన్ సంగ్రహం నుంచి వచ్చిన డబ్బాల్లో, 16 ఎంఎం ప్రింటుగా దొరికింది.

దీన్నిబట్టి కొనేవాళ్లకు ఒక సులువైన కొలమానం ఉంది. 2015కి ముందు తయారైన ఏ డీవీడీలోనూ, వీహెచ్‌ఎస్‌లోనూ ఈ సినిమా పూర్తిగా ఉండే అవకాశమే లేదు. అట్ట మీద ‘కంప్లీట్’ అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా సరే. పాత డీవీడీ పెట్టెల్లో ఇది ఉన్నా మొదటి రీలు, కుదించిన పైల యుద్ధం కలిపి అతికినదే. ఇతర సినిమాల కోసం ఆ పెట్టెలు కొంటే కొనండి, దీనికోసం వద్దు.

ఇప్పటికీ పూర్తి కాలేదు. యూజీన్ పాలెట్ బీమా ఘట్టం ఇంకా దొరకలేదు. కొత్త డిస్కుల్లో అక్కడ స్టిల్ ఫొటోలూ టైటిల్ కార్డులూ పెట్టి కథ నడిపించారు. సినిమా మధ్యలో బొమ్మ కదలడం ఆగిందని డిస్క్ పాడైందనుకుని వెనక్కి పంపకండి.

2020 సెట్ ఎవరికి?

‘ది డెఫినిటివ్ రెస్టొరేషన్స్’లో రెండో రీలు దొరికాక ఈ సినిమా తొలిసారి ఇంటి డిస్క్ మీదికి వచ్చింది. అయితే ఆ సెట్‌లో ఇది అతిథి. అసలు బలం మాటల చిత్రాలది. ఆస్కార్ గెలిచిన ‘ది మ్యూజిక్ బాక్స్’ (1932), ‘హెల్ప్‌మేట్స్’, ‘టోడ్ ఇన్ ఎ హోల్’, ‘బిజీ బాడీస్’లాంటి చిన్న చిత్రాలు, ‘సన్స్ ఆఫ్ ది డెజర్ట్’ (1933), ‘వే అవుట్ వెస్ట్’ (1937) అనే రెండు పెద్ద చిత్రాలు ఉన్నాయి. వాటికి 35 ఎంఎం మూలాల నుంచి కొత్తగా 2కె, 4కె స్కాన్లు తీశారు. ర్యాండీ స్క్రెట్‌వెట్, రిచర్డ్ బ్యాన్‌ల వ్యాఖ్యానాలు, ఫొటోలు, స్టూడియో కాగితాలు కుప్పలుగా ఉన్నాయి. ఒక్క సెట్‌తో సరిపెట్టుకునే ఇంటికి ఇదే లాభం. పిల్లలకు లారెల్, హార్డీలను పరిచయం చేయడానికి పియానో మెట్లెక్కించే ‘మ్యూజిక్ బాక్స్’ ముందు పెట్టి, పైలు తర్వాత పెట్టినా నష్టం లేదు.

‘ఇయర్ వన్’ ఎందుకు ముందు?

ఇందులో ఈ సినిమాకు సొంత ఇరుగుపొరుగు ఉంది. ఇద్దరూ ఒకే తెర మీద కనిపించినా జంట కాని ‘ది లక్కీ డాగ్’ నుంచి మొదలై, 1927లో వచ్చి మిగిలిన మూకీలన్నీ వరసగా ఉంటాయి. ‘డు డిటెక్టివ్స్ థింక్?’, ‘ది సెకండ్ హండ్రెడ్ ఇయర్స్’, బ్రక్‌మన్ తీసిన మరో చిత్రం ‘పుటింగ్ పాంట్స్ ఆన్ ఫిలిప్’ చూశాక పైల యుద్ధానికి వస్తే, స్టాన్ మొహంలోని అయోమయం, కెమెరా వైపు ఆలివర్ చూసే చూపు ఎలా కుదురుకుంటూ వచ్చాయో కళ్లకు కడుతుంది. విడిగా చూస్తే ఆ చూపులు తయారైన సరుకులా కనిపిస్తాయి, అక్కడ అవి అప్పుడే మొలుస్తున్నాయి. ఈ వరసలో ఒక్క ఖాళీ మిగిలింది, ‘హ్యాట్స్ ఆఫ్’. వాషింగ్ మెషిన్‌ను మెట్ల మీదుగా మోసే ఆ సినిమా ఇంతవరకూ దొరకలేదు. దాని ఆలోచననే పియానోగా మార్చి, అవే మెట్ల మీద ‘మ్యూజిక్ బాక్స్’ తీశారు. రెండు సెట్లూ కొన్నవాళ్లకు ఈ లంకె కలుస్తుంది.

యురేకా సెట్‌లో కూడా ఉన్నది అదే 1927 వరస. ఎంపిక ధర, రవాణా, రీజియన్ (డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే విభాగం) చూసి చేసుకోవాల్సిందే.

బొమ్మ నాణ్యత: ఎక్కువ ఆశించకండి

మూడు డిస్కుల్లోనూ రెండో రీలు మొదటిదానికన్నా మెత్తగా కనిపించడం సహజం. దానికి ఆధారం 16 ఎంఎం ప్రింటు. 35 ఎంఎం మూకీ ఫ్రేము వైశాల్యంలో 16 ఎంఎం ఫ్రేము దాదాపు ఆరో వంతే. 35 ఎంఎంలో 1,000 అడుగుల రీలు 16 ఎంఎంలో 400 అడుగులకు సరిపోతుంది. ఫ్రేముల సంఖ్య అదే 16,000, తగ్గేది బొమ్మలో వివరం. కాబట్టి ఏ సెట్ ఎక్కువ ‘షార్ప్’ అన్న వాదనతో డబ్బు ఖర్చు పెట్టకండి. తెల్లటి క్రీమ్, ఎండ పడిన గోడ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటే ముందు మీ టీవీని అనుమానించండి. ‘వివిడ్’ నుంచి ‘సినిమా’ మోడ్‌కి మార్చి, షార్ప్‌నెస్ బాగా తగ్గించి, మోషన్ స్మూతింగ్ (ఫ్రేముల మధ్య టీవీ తానే కొత్త ఫ్రేములు చేర్చే సదుపాయం) పూర్తిగా తీసేయండి. స్మూతింగ్ ఉంటే ఎగిరే పై వెనక తోక కనిపిస్తుంది.

వేగం సంగతి ఇంకొంచెం ముఖ్యం. మూకీలకు ఒకే వేగం లేదు. 1,000 అడుగుల రీలు సెకనుకు 24 ఫ్రేములతో నడిస్తే 11 నిమిషాల 7 సెకన్లు, 20 ఫ్రేములతో అయితే 13 నిమిషాల 20 సెకన్లు. అందుకే రెండు కాపీల నిడివిలో తేడా ఉన్నంత మాత్రాన ఒకదాంట్లో సీన్లు పోయాయనుకోకూడదు. 20ని 24 చేయడానికి ప్రతి అయిదు ఫ్రేములకు ఒకటి రెండుసార్లు వేస్తారు. ఫ్రేము ఫ్రేముగా జరిపి చూస్తే ఒకే బొమ్మ రెండుసార్లు రావడం తప్పు కాదు. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి దెయ్యాల్లా కనిపిస్తే మాత్రం పాత వీడియో టేపు నుంచో, డీవీడీ నుంచో ఎత్తిన బొమ్మ అది.

ఉచిత కాపీలను ఏరడం

1927 నాటి ఈ సినిమాకు అమెరికాలో 2023 జనవరి 1తో కాపీరైట్ తీరింది. కొత్తగా కట్టిన సంగీతానికి, వ్యాఖ్యానానికి హక్కులు వేరే. అందుకే ఉచిత కాపీల్లో సంబంధం లేని రాగ్‌టైమ్ పియానో వాయింపు వినిపిస్తుంటుంది. దాన్ని మ్యూట్ చేసి చూడటం మేలు.

ప్లే చేయగానే బాక్సింగ్ రింగ్ కాకుండా వీధి కనిపించినా, వ్యాఖ్యాత గొంతు వినిపించినా అది యంగ్‌సన్ కుదింపే. మొత్తం పదిహేను నిమిషాల లోపే ఉంటే ఏదో పోయినట్టు. బాక్సింగ్ అయ్యాక బీమా ప్రస్తావనే లేకుండా ఆలివర్ అరటితొక్క పట్టుకుని తయారైతే, అది 2015కి ముందరి అతుకు అయి ఉండొచ్చు. ‘4కె 60 ఎఫ్‌పీఎస్’ (సెకనుకు 60 ఫ్రేములు) అని, రంగులద్దామని చెప్పేవాటి జోలికి పోకండి. యంత్రం మధ్య ఫ్రేములను ఊహించి గీస్తుంది. మొహాన పై పగిలే ఆ ఒక్క ఫ్రేములో ముక్కు, క్రీమ్ కలిసి మైనపు ముద్దవుతాయి.

తెప్పించుకునే ముందు

బ్లూ-రేలో అమెరికా ఎ, బ్రిటన్ బి, ఇండియా సి రీజియన్. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న ప్లేయర్‌లో లాక్ ఉన్న అమెరికా డిస్క్ ఆడదు, న్యూజెర్సీలో కొన్న ప్లేయర్‌లో లాక్ ఉన్న బ్రిటిష్ డిస్క్ ఆడదు. లాక్ లేని డిస్కులు కూడా చాలా వస్తాయి కాబట్టి, ఆర్డర్ పెట్టే ముందు అట్ట వెనక గుర్తులో ఎ, బి, సి మూడూ ఉన్నాయా చూసుకోండి. కంప్యూటర్ డ్రైవ్‌లో బ్లూ-రే రీజియన్‌ను చూసేది ప్లేయర్ సాఫ్ట్‌వేర్, డీవీడీ రీజియన్‌ను చూసేది డ్రైవే. డ్రైవ్‌లో డీవీడీ రీజియన్ మార్పు అయిదుసార్లకే అనుమతి, అయిదోది శాశ్వతం. ఇండియాకు తెప్పిస్తే రవాణాతో పాటు కస్టమ్స్ సుంకం పడొచ్చు. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో రెండు డిస్కుల ‘ఇయర్ వన్’కి చోటు కష్టం కాదు.