నేరానికి మూడు తొలి వివరణలు: ఏది మేలు?

సంతలో 19 ఏళ్ల కుర్రాడొకడు 4,000 రూపాయల ఫోను కొట్టేసి పట్టుబడ్డాడనుకుందాం. ఫోను దొరికింది, అతని మీద పాత కేసులు లేవు. నేరశాస్త్రం మొదటి పాఠాల్లో వచ్చే మూడు వాదాలూ ఈ ఒక్క కేసును మూడు రకాలుగా చూస్తాయి. క్లాసికల్ వాదం 'ఏం చేశాడు?' అని అడుగుతుంది. పాజిటివిస్టు వాదం 'ఎలాంటివాడు?' అని ఆరా తీస్తుంది. గణాంక వాదం 'ఇలాంటి దొంగతనాలు ఎక్కడ, ఏ కాలంలో, ఎన్ని జరుగుతున్నాయి?' అని లెక్క కడుతుంది.

దోషా కాదా తేల్చడానికి మొదటి ప్రశ్న ఒక్కటే పనికొస్తుంది. దోషి అని తేలాక అతన్ని ఏం చేయాలన్నదానికి రెండోది అవసరం. నేరాలు తగ్గించే పథకం వేయాలంటే మూడోది కావాలి. ఈ వరుస తారుమారైతే ఎంత ఘోరం జరుగుతుందో మన కోస్తా జిల్లాల చరిత్రే చెబుతుంది.

క్లాసికల్ వాదానికి ఆద్యుడు ఇటలీలోని మిలాన్‌కు చెందిన సెసారె బెకారియా. నేరాలూ శిక్షల గురించి అతను రాసిన చిన్న పుస్తకం 1764లో రచయిత పేరు లేకుండానే అచ్చయింది. అప్పటి యూరప్‌లో నేరం ఒప్పించడానికి చిత్రహింసలు పెట్టడం చాలాచోట్ల చట్టబద్ధమే. ఒకే తప్పుకు హోదాను బట్టి, న్యాయమూర్తి ఇష్టాన్ని బట్టి శిక్ష మారిపోయేది. బెకారియా కోరినవి ఇవి: ఏది నేరమో ముందే రాసి ఉండాలి, శిక్ష సమాజానికి జరిగిన హానికి తగినంతే ఉండాలి, త్వరగా పడాలి, తప్పక పడాలి. 1786లో ఇటలీలోని టస్కనీ రాజ్యం మరణశిక్షను రద్దు చేయడంలో ఈ ఆలోచనల ప్రభావం ఉంది. ఇంగ్లండులో తత్వవేత్త బెంథామ్ వీటిని పెంచాడు. ఆ దారిలోనే మన దేశానికి మెకాలే రాసిన శిక్షల ముసాయిదా, 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి వచ్చాయి.

ఈ వాదంలో జనం ఎక్కువగా పొరబడేది 'భయం' దగ్గర. శిక్ష ఎంత కఠినమైతే నేరం అంత తగ్గుతుందని బెకారియా అనలేదు. నూరు దొంగతనాల్లో రెండే పట్టుబడే చోట మూడేళ్ల జైలును ఏడేళ్లు చేసినా దొంగ లెక్కలో పెద్ద మార్పు రాదు. రెండును ఇరవై చేస్తే వస్తుంది. ప్రతి సంచలన కేసు తర్వాత శిక్ష పెంచమనే డిమాండు లేస్తుంది గానీ, దర్యాప్తు సిబ్బందిని పెంచమని, విచారణ త్వరగా ముగించమని అడిగే గొంతులు తక్కువ.

దీని అసలు లోపం వేరే ఉంది. మనిషి లాభనష్టాలు బేరీజు వేసుకునే నేరం చేస్తాడని ఇది నమ్ముతుంది. మతి స్థిమితం లేనివాడికి, చిన్నపిల్లవాడికి ఆ లెక్క ఎక్కడిది? 1791 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతి చాలా నేరాలకు మారని శిక్షలు బిగించేసింది. అది నడవలేదు. 1810 స్మృతిలో కనిష్ఠం, గరిష్ఠం పెట్టి మధ్యలో న్యాయమూర్తికి చోటిచ్చారు. శిక్షాస్మృతి చోట ఇప్పుడున్న మన భారతీయ న్యాయ సంహితలో ఏడేళ్లలోపు పిల్లలకు 20వ సెక్షన్, ఏడు నుంచి పన్నెండేళ్ల వారికి 21, మతి స్థిమితం లేనివారికి 22 ఉన్నది ఈ లోటు పూడ్చడానికే.

పాజిటివిస్టు వాదం ఈ సందులోంచే లోపలికి వచ్చింది. ఇటలీ వైద్యుడు సెసారె లొంబ్రోజో 1876లో వేసిన పుస్తకంలో కొందరు పుట్టుకతోనే నేరస్థులని, పరిణామంలో వెనక్కి జారినవాళ్లని అన్నాడు. పెద్ద దవడలు, వాలు నుదురు, వింత చెవులు వారి గుర్తులన్నాడు. విల్లెల్లా అనే దొంగ పుర్రెలో కనబడిన ఒక గుంట అతని ఊహకు ఆధారం. పద్ధతి లోపమేమిటంటే, జైల్లో ఉన్నవాళ్లను కొలిచాడు గానీ అదే ఊరి, అదే పేదరికపు నిర్దోషులతో సరిగా పోల్చలేదు. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ సుమారు 3,000 మంది ఖైదీలను కొలిచి, విద్యార్థులు, సైనికులు వంటివారితో పోల్చి 1913లో ఫలితాలు ప్రచురించాడు. నేరస్థుడికంటూ ప్రత్యేక దేహరూపం లేదని తేలింది. అయితే గోరింగ్ కూడా ఖైదీల పొట్టితనాన్ని, తక్కువ బరువును చూసి పుట్టుకలోని లోపానికే మొగ్గాడు.

అయినా ఈ వాదాన్ని పూర్తిగా పారేయకూడదు. నేరస్థుణ్ణి మనిషిగా పరిశీలించి, తగిన చికిత్సో తర్ఫీదో ఇవ్వాలన్న ఆలోచన దీనిదే. దోషిని జైలుకు పంపకుండా మంచి నడతకు హామీ మీద వదిలే మన 1958 నాటి ప్రొబేషన్ చట్టం వెనుక ఉన్నది ఆ చూపే. ప్రమాదమల్లా 'ఎలాంటివాడు?' అన్న ప్రశ్నను నేరం జరగకముందే అడగడంలో ఉంది.

కొన్ని తెగలను మొత్తంగా నేరస్థులని ముద్ర వేసిన బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం చేసింది అదే. ఇది లొంబ్రోజో పుస్తకం నుంచి పుట్టిందని జవాబు పత్రాల్లో రాస్తుంటారు. అది తప్పు. చట్టం 1871ది, అతని పుస్తకం కంటే ఐదేళ్లు ముందు. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడన్న వలస పాలకుల కులదృష్టి దానికి మూలం. మొదట ఉత్తరాదిలో పెట్టి, 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఒక తెగను నోటిఫై చేస్తే దాన్ని కోర్టులో ప్రశ్నించే వీల్లేదు. తెగలో పుట్టినవారు పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలివ్వాలి, హాజరు పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్‌మెంటే, అంటే అలాంటి తెగలను నిఘాలో ఉంచిన కాలనీ. అక్కడికి చేర్చింది ఎక్కువగా ఎరుకల కుటుంబాలను. ఏ ఒక్కరూ ఏం చేశారని అడగకుండానే శిక్ష పడిపోయింది.

ఎరుకల వారిలో చాలామందికి తీరం నుంచి లోపలి ఊళ్లకు ఉప్పు, ధాన్యం మోసుకెళ్లి అమ్మడం బతుకుతెరువు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, రైళ్లు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. రక్తంలో వెతికిన కారణం రైలు పట్టాల మీద కనబడేది, మూడో ప్రశ్న అడిగి ఉంటే.

ఆ ప్రశ్న అప్పటికే ఉంది. ఫ్రాన్సు ప్రభుత్వం 1827 నుంచి ఏటా నేర గణాంకాలు అచ్చు వేసింది. వాటితో ఆంద్రె మిషెల్ గెర్రీ 1833లో పటాలు గీశాడు. బెల్జియం పండితుడు కెట్లే 1835లో ఏటికేడూ నేరాల సంఖ్య దాదాపు ఒకే తీరున ఉంటోందని చూపాడు. దొంగతనాలు పేద ప్రాంతాల్లో కాక ఆస్తులున్న ప్రాంతాల్లో ఎక్కువని గెర్రీకి తేలింది. దోచడానికి ఏదైనా ఉన్నచోటే దోపిడి ఉంటుంది కదా.

ఈ లెక్కలు చదివేటప్పుడు మూడు చోట్ల కాలు జారుతుంది. నమోదైన నేరాలే లెక్కకొస్తాయి. ఫిర్యాదు సులువుగా తీసుకునే జిల్లాలో అంకె పెరిగితే నేరం పెరిగినట్టు కాదు. దేశం మొత్తం నేర లెక్కలు అచ్చువేసే జాతీయ సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా ప్రధానమైనదాన్నే లెక్కిస్తుంది. ఒక వాడలో దొంగతనాలు ఎక్కువైనంత మాత్రాన ఆ వాడలో ఉండే ప్రతివాడూ దొంగ కాడు.

ఇక ఫోను కేసు. న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి మూడేళ్ల వరకు జైలు. సొత్తు విలువ 5,000 రూపాయల లోపై, మొదటిసారి దోషిగా తేలినవాడై, సొత్తు తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. మన కుర్రాడికి వర్తించేది ఇదే. రెండోసారి దోషి అయితే ఏడాదికి తగ్గని, ఐదేళ్లు మించని కఠిన కారాగారం. అదే ఫోను ప్రయాణికుల బస్సులోంచి తీసి ఉంటే 305వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా పోవచ్చు. ఒకే ఫోనుకు ఇంత తేడా తగునా అని బెకారియా పద్ధతిలో నిలదీయవచ్చు. మొదటిసారి, రెండోసారి తేడా మాత్రం పాజిటివిస్టుల ప్రశ్నను సరైన చోట అడగడమే, ఎందుకంటే రెండూ కోర్టులో రుజువైన పనులే.

అనుమానితుడి మీద నిఘాకు పోలీసు స్టేషన్‌లో తెరిచే సస్పెక్ట్ షీటుకు ఆ రుజువు ఉండదు. నేరస్థ తెగల చట్టాన్ని 1952లో రద్దు చేసి, రాష్ట్రాలు దాని చోట అలవాటు నేరస్థుల చట్టాలు పెట్టుకున్నాయి. ఆ చట్టం ముద్ర నుంచి బయటపడిన విముక్త జాతుల వారిని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకూడదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అందుకే షీటు తెరిచే అధికారి అందులో రాయవలసింది ఫలానా తేదీన ఫలానా పని అని, దాన్ని రుజువు చేసిన తీర్పు నంబరుతో సహా. కులం, ఊరు, తండ్రి మీది పాత కేసు అక్కడికి రాకూడదు.