మొదటి నవల రాస్తూ జంకుతున్నవాళ్లకి స్క్రివెనర్ ఎంతవరకు పనికొస్తుంది?

కథలు రాసి చెయ్యి తిరిగినవాళ్లు కూడా నవల దగ్గరికొచ్చేసరికి తడబడతారు. కథ మొత్తం బుర్రలో పడుతుంది, నవల పట్టదు. అరవై డెబ్బై పేజీలు దాటాక ఎక్కడ ఏం రాశామో గుర్తుండదు. వెనక్కి వెళ్లి మొదటి అధ్యాయం చదువుతారు, అది నచ్చదు, దాన్నే దిద్దుతూ కూచుంటారు. మూడు నెలలయ్యేసరికి మొదటి అధ్యాయం పది రకాలుగా ఉంటుంది, ఐదో అధ్యాయం ఉండదు. ‘ఇది నావల్ల అయ్యే పని కాదు’ అన్న మాట ఎక్కువగా పుట్టేది ఇక్కడే. స్క్రివెనర్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఇక్కడ ఆ ఒక్క వైపు నుంచే చూస్తున్నాం. నవల రాయడం అది నేర్పదు. జంకు పట్టుకునే చోట్లు కొన్నిటిని మాత్రం బాగా వదులు చేస్తుంది.

దీన్ని చేసిన కీత్ బ్లౌంట్ వృత్తిరీత్యా ప్రోగ్రామర్ కాదు. తన నవల రాసుకోవడానికి తగిన పనిముట్టు దొరక్క, కోడింగ్ సొంతంగా నేర్చుకుని తయారుచేసుకున్నాడు. 2007లో మ్యాక్‌కి, 2011లో విండోస్‌కి వచ్చింది. ఇక్కడ మాట్లాడుతున్నది మూడో వెర్షన్ గురించి. విండోస్‌కీ మ్యాక్‌కీ విడివిడిగా దాదాపు 60 డాలర్లు. ఒకసారి కడితే చాలు, నెలనెలా చందా లేదు.

ఎడమ పక్కన బైండర్ అని ఒక పట్టీ ఉంటుంది. నవల ఒకే పొడుగాటి ఫైలుగా కాకుండా, చిన్న చిన్న రంగాలుగా అందులో వరసగా నిలబడుతుంది. ఒక్కో రంగానికి ఒక అట్టముక్క లాంటి కార్డు ఉంటుంది. దాని మీద రెండే వాక్యాలు రాయండి: ఈ రంగంలో ఎవరికి ఏం కావాలి, అది ఎందుకు దొరకదు. ఉదాహరణకి: ‘సీతాలు పొలం కౌలుకి అడగడానికి పెద్దిరాజు గారింటికి వెళ్తుంది. ఆయన మాట దాటేసి మజ్జిగ ఇప్పిస్తాడు.’ ఇంత ఉంటే ఆ పూట రాయడానికి సరిపోతుంది. రెండో వాక్యం ఎంతకీ తట్టకపోతే లోపం మీ భాషలో లేదు, ఆ రంగంలో ఇంకా సంఘటన లేదు. కొత్తగా రాసేవాళ్లు ఈ రెంటినీ కలిపేసుకుని తమకి రాయడమే రాదనుకుంటారు. కార్డు ఆ తేడాని పది నిమిషాల్లో బయటపెడుతుంది. అలాంటి రంగాన్ని ఖాళీ కార్డుగా వదిలేసి తర్వాతి దానికి వెళ్లిపోవచ్చు. వరసగానే రాయాలన్న నియమం ఏమీ లేదు.

డబ్బు పెట్టి కొనాల్సిన కారణం ఒక్కటే చెప్పమంటే, అది స్నాప్‌షాట్. దిద్దడం మొదలుపెట్టే ముందు విండోస్‌లో కంట్రోల్, 5 కలిపి నొక్కితే ఆ రంగం అప్పుడున్నది ఉన్నట్టుగా తేదీతో సహా దాచిపెడుతుంది. తర్వాత నిర్మొహమాటంగా కొట్టేయండి, తిరగరాయండి. కంపేర్ నొక్కితే పాతదానికీ కొత్తదానికీ తేడాలు కనబడతాయి. రోల్ బ్యాక్ నొక్కితే పాతది వెనక్కి వస్తుంది, రాబోయే ముందు ప్రస్తుతం ఉన్నదాన్ని కూడా దాచాలా అని అడుగుతుంది. దిద్దితే ఉన్నది కూడా చెడిపోతుందేమో అన్న భయం చాలామంది చేతుల్ని కట్టేస్తుంది. అందుకే ‘నవల_ఫైనల్’, ‘నవల_ఫైనల్_కొత్తది’ అంటూ పన్నెండు వర్డ్ ఫైళ్లు పోగవుతాయి, చివరికి ఏది అసలుదో తెలియదు. స్నాప్‌షాట్‌కి పేరు కూడా పెట్టొచ్చు: ‘పెద్దిరాజు కోపంగా’, ‘పెద్దిరాజు నవ్వుతూ’. రెండూ ఒకే చోట ఉంటే రెండో ప్రయోగానికి ధైర్యం దానంతటదే వస్తుంది. ఒకటి గుర్తుంచుకోవాలి: ఇది ఏ రంగానికి ఆ రంగం తీసేది. మొత్తం నవలకి కాపీ కావాలంటే బ్యాకప్ వేరే.

రోజువారీ లెక్క దగ్గర తెలుగువాళ్లు జాగ్రత్తపడాలి. రోజుకి 1,000 మాటలు, 1,500 మాటలు అని ఇంటర్నెట్‌లో తిరిగే అంకెలన్నీ ఇంగ్లీషువి. ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలయ్యేది మనకి ‘వెళ్లిపోతున్నాడట’ అన్న ఒక్క మాటలో అయిపోతుంది. ఆ అంకెని తెచ్చి ఇక్కడ పెట్టుకుంటే రోజూ ఓడిపోయినట్టే ఉంటుంది. డెమీ సైజు పుస్తకంలో పేజీకి 30 వరసలు, వరసకి ఆరేడు మాటలనుకుంటే, పేజీ దాదాపు 200 మాటలు. ప్రాజెక్ట్ టార్గెట్స్ అనే చిన్న కిటికీలో సెషన్ లక్ష్యం, అంటే ఆ పూట రాయాల్సిన మాటల లెక్క, 300 పెట్టుకోండి. అంటే రోజుకి పేజీన్నర. నూరు రోజులు అలా కూచుంటే 30,000 మాటలు, 150 పేజీల చిత్తుప్రతి చేతిలో ఉంటుంది. వారపత్రికల సీరియళ్లు రాసినవాళ్లకి సంపాదకుడి గడువు చేసిన పనే, అందులో రాసేకొద్దీ నిండే చిన్న గీత చేస్తుంది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. పేరా కొట్టేస్తే లెక్క తగ్గుతుంది, అది చూసి మనసు కుంగుతుంది. ఆ కిటికీలోని ఆప్షన్స్‌లో, ప్రాజెక్టులో ఎక్కడ రాసినా లెక్కపెట్టమనే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. బైండర్‌లో ‘కోతలు’ అని ఒక ఫైలు తెరిచి, తీసేసిన పేరాలన్నీ అందులో పడేయండి. అంకె కదలదు, రాసింది పోదు. రైటింగ్ హిస్టరీలో ఏ రోజు ఎంత రాశారో కనబడుతుంది. దాన్ని వారానికోసారి చూస్తే చాలు.

విండోస్‌లో ఎఫ్11 నొక్కితే తెర మీద కాగితం తప్ప ఇంకేమీ ఉండదు. బాగుంటుంది, అంతకుమించి చెప్పడానికేం లేదు.

ఇక తెలుగు సంగతి. మెనూలు తెలుగులో లేవు. యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే తెలుగు, మాత్రం రాయనిస్తుంది. మొదటే ఎడిటింగ్ సెట్టింగుల్లోకి వెళ్లి నిర్మలా యూఐ గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ 14 సైజులో, వరసల మధ్య ఎడం 1.4 లేదా 1.5గా పెట్టుకోండి. 1.0లో వదిలేస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీదకి దిగి కళ్లు లాగుతాయి. అప్పటికే రాసిన రంగాలకి ఇది దానంతటది అంటదు. వాటిని ఎంచుకుని డాక్యుమెంట్స్ మెనూలో కన్వర్ట్ చెయ్యాలి. మాటల కింద ఎర్ర గీతలు వస్తుంటే స్పెల్లింగ్ తనిఖీ వెంటనే ఆపేయండి. సరైన తెలుగుని తప్పని చూపించే గీతలు, రాయడం అప్పుడే నేర్చుకుంటున్న మనిషిని రెండు పేజీల్లో నీరుగారుస్తాయి.

పెద్ద లోటు ఆండ్రాయిడ్ యాప్ లేకపోవడం. మనలో చాలామంది ఫోన్‌లోనే రాస్తారు, కొందరు చెప్పి రాయిస్తారు. వాళ్లకి దారి ఉంది: గూగుల్ డాక్స్‌లో రాస్తూ, రంగం అయిపోయిన చోట విడిగా ఒక వరసలో # గుర్తు పెట్టండి. వర్డ్ ఫైలుగా దించుకుని ‘ఇంపోర్ట్ అండ్ స్ప్లిట్’ చేస్తే, గుర్తు ఉన్న చోటల్లా తెగి వేరువేరు రంగాలుగా బైండర్‌లో కూచుంటాయి. ఐఫోన్, ఐప్యాడ్‌లకి యాప్ ఉంది, డ్రాప్‌బాక్స్ ద్వారా కలుస్తుంది. ప్రాజెక్టు నిజానికి ఒకే ఫైలు కాదు, వందల ఫైళ్లున్న ఫోల్డరు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి రెండు కంప్యూటర్ల నుంచి తెరిస్తే సగం ఫైళ్లు పాతవి, సగం కొత్తవిగా కలిసిపోయే ప్రమాదం ఉంది. ఒక చోట మూసి, సింక్ పూర్తయ్యాకే ఇంకో చోట తెరవాలి. బ్యాకప్‌లు మామూలుగా చివరి ఐదు మాత్రమే ఉంచుతుంది, సెట్టింగుల్లో 25కి పెంచుకోండి.

ఈ సాఫ్ట్‌వేర్ చేసే కీడు కూడా చెప్పాలి. కార్డులకి రంగులు వేస్తూ, పాత్రల జాతకాలు నింపుతూ, ఫోటోలు తెచ్చి రీసెర్చ్ అనే ఫోల్డర్లో అతికిస్తూ నెల గడిపేయొచ్చు. పని చేస్తున్నట్టే ఉంటుంది, ఒక్క రంగం ఉండదు. జంకుకి ఇంతకంటే మంచి దాగుడుచోటు దొరకదు. అమరికలకి మొదటి రోజు ఒక గంట, తర్వాత వారానికి అరగంట, అంతే. రంగం ఏ దశలో ఉందో చెప్పే స్టేటస్ జాబితాలోని ఇంగ్లీషు మాటలు తీసేసి మీ మాటలు పెట్టుకోండి: ‘చిత్తు’, ‘తిరగరాయాలి’, ‘చదివించాను’, ‘ఇక ముట్టను’. నవల మొత్తం ‘చిత్తు’కి చేరేదాకా ఏ రంగాన్నీ రెండో మెట్టు ఎక్కించకండి. మొదటి అధ్యాయం దగ్గరే తిరగడం దీంతో ఆగుతుంది.

పుస్తకం వేసేటప్పుడు ఇంకో మెలిక ఉంది. కంపైల్ చేస్తే, అంటే రంగాలన్నిటినీ కలిపి ఒకే ఫైలుగా బయటికి తీస్తే, వచ్చేది యూనికోడ్ ఫైలు. మన డీటీపీ వాళ్లలో చాలామంది ఇంకా యూనికోడ్ కాని అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తారు. మార్పిడిలో ఒత్తులు, అరసున్నలు గల్లంతవుతాయి, ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ లాంటివి విరుగుతాయి. వీలైతే ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే చేసేవాళ్లని వెతుక్కోండి, లేదంటే ప్రూఫు రెండుసార్లు దిద్దే ఓపిక పెట్టుకోండి.

కొనేముందు 30 రోజుల ఉచిత ట్రయల్ వాడి చూడండి. ఆ 30 రోజులంటే క్యాలెండర్ రోజులు కావు, తెరిచిన రోజులే లెక్క. వారానికి రెండు రోజులు కూచుంటే 15 వారాలు వస్తుంది. మొదటి రోజే సంయుక్తాక్షరాలు దండిగా ఉన్న ఒక పేజీ టైపు చేసి, మధ్యలో చెరిపి దిద్ది, వర్డ్‌లోకి కంపైల్ చేసి అక్షరాలు సరిగ్గా వచ్చాయో లేదో మీ కంప్యూటర్లో చూసుకోండి. గడువు ముగిసేలోపు రాసిందంతా ఒకసారి బయటికి తీసి పెట్టుకోండి. అప్పటికి పదిహేను రంగాలైనా ‘చిత్తు’లో ఉంటే కొనండి. అన్నీ ఖాళీ కార్డులే ఉంటే ఆ డబ్బు ఉంచుకుని, నోటుపుస్తకంలో రోజుకి పేజీన్నర రాయండి.