లిబ్రేఆఫీస్ సపోర్ట్: ఏది అడిగితే ఏం దొరుకుతుంది

తెలుగు పత్రాల కోసం ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లోని రైటర్‌ను ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సమీక్ష ఇది. ఫీచర్ల జోలికి పోను, సపోర్ట్ సంగతి మాత్రమే చెబుతాను. ఉచితం కాబట్టి పట్టించుకునేవాళ్లు ఉండరని కొందరు, బగ్ (సాఫ్ట్‌వేర్ లోపం) గురించి రాశాం కాబట్టి వచ్చే వెర్షన్‌లో సరిచేసి తీరాలని కొందరు అనుకుంటారు. రెండు అంచనాలూ తప్పే.

2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయిన ఈ సాఫ్ట్‌వేర్ వెనక ఉన్నది డాక్యుమెంట్ ఫౌండేషన్. ఫోన్ చేస్తే పలికే కస్టమర్ కేర్ దానికి లేదు. దీని వాడకం షరతులున్న మొజిల్లా పబ్లిక్ లైసెన్స్ 2.0లోనే, ఏ హామీ లేకుండా ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నామని రాసి ఉంటుంది. కాబట్టి ఫలానా తేదీకల్లా సరిచేస్తామని ఎవరూ మాటివ్వరు.

"ఇది ఎలా చేయాలి" అనే ప్రశ్నలకు మాత్రం ఆస్క్ లిబ్రేఆఫీస్ అనే ప్రశ్నోత్తరాల వెబ్‌సైట్‌లో మంచి జవాబులే వస్తాయి. వెర్షన్ వివరాలు అడగకముందే ఇవ్వండి. హెల్ప్ మెనూలో అబౌట్ తెరిస్తే ఆ వివరాలన్నీ కాపీ చేసే బటన్ ఉంటుంది.

అడిగేముందు హెల్ప్ మెనూలోనే ఉన్న సేఫ్ మోడ్‌లో ఒకసారి నడిపి చూడండి. అక్కడ సమస్య కనిపించకపోతే పాడైంది సాధారణంగా మీ సెట్టింగులు దాచే యూజర్ ప్రొఫైలే. లిబ్రేఆఫీస్ మూసేసి, విండోస్‌లో యాప్‌డేటా రోమింగ్ కింద, లినక్స్‌లో డాట్ కాన్ఫిగ్ కింద ఉన్న లిబ్రేఆఫీస్ ఫోల్డర్‌లోకి వెళ్లండి. అందులో '4' లోపలి 'యూజర్' ఫోల్డర్ పేరు మార్చి మళ్లీ తెరిస్తే కొత్త ప్రొఫైల్ తయారవుతుంది. పాతది చెరిపేయకండి. మీ టెంప్లేట్లు, సొంత పదాల జాబితా, ఆటోకరెక్ట్ అన్నీ అందులోనే ఉంటాయి. వాటి ఫోల్డర్లను మాత్రమే వెనక్కి తెచ్చుకుని, రిజిస్ట్రీమాడిఫికేషన్స్ ఫైలును వదిలేయండి. సెట్టింగులన్నీ ఉండేది అందులోనే కాబట్టి చెడిపోయేదీ ఎక్కువగా అదే. తెరమీద నల్ల మచ్చలు వస్తుంటే ఆప్షన్స్‌లో వ్యూ కింద స్కియా (తెరమీద బొమ్మ గీసే భాగం) టిక్ తీసేసి చూడండి.

మనవాళ్లు బగ్ అనుకునేవాటిలో కొన్ని బగ్‌లు కావు. స్టైల్‌లో సైజు పెంచినా తెలుగు అక్షరాలు పెరగలేదంటే, మార్చింది వెస్టర్న్ ఫాంట్ సైజు అన్నమాట. తెలుగుకు పక్కనే ఉన్న కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఫాంట్ సైజును మార్చాలి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైలు గజిబిజిగా కనిపించడం కూడా రైటర్ తప్పు కాదు. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే ప్రామాణిక అక్షర పద్ధతి) కాదు కాబట్టి ముందు కన్వర్టర్‌లో వేసి మార్చుకోవాలి.

అసలైన తెలుగు బగ్ దొరికితే కాస్త శ్రమ పడాలి. చూసే డెవలపర్‌కు తెలుగు రాదు, 'క్ష' విరిగిందని రాస్తే అతనికి ఏమీ తేడా తెలియదు. అందుకని అక్షరాన్ని యూనికోడ్ కోడ్‌లలో ఇవ్వండి: 0సి15, 0సి4డి, 0సి37. అక్షరం తర్వాత కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే రైటరే కోడ్ చూపిస్తుంది. అదే పదాన్ని అదే ఫాంట్‌తో ఫైర్‌ఫాక్స్‌లో కూడా చూడండి. రెండింటిలోనూ అక్షరాలను కూర్చేది హార్ఫ్‌బజ్ కాబట్టి, రెండుచోట్లా విరిగితే అనుమానించాల్సింది ఫాంట్‌నే. అప్పుడు ఫిర్యాదు వెళ్లాల్సింది ఫాంట్ తయారుచేసినవాళ్లకు. రైటర్‌లో మాత్రమే విరిగితే తప్పుగా, సరిగా కనిపించే రెండు స్క్రీన్‌షాట్లూ, ఒక్క పేరా ఉన్న నమూనా ఫైలూ బగ్‌లు నమోదు చేసే వెబ్‌సైట్ బగ్‌జిల్లాలో జోడించండి. ఆ ఫైలు లోకమంతా చూస్తుంది కాబట్టి పేర్లు, ఆధార్ నంబర్లు ముందే తీసేయాలి.

బగ్ 'అన్‌కన్ఫర్మ్డ్'లో ఉందంటే వేరొకరు దాన్ని ఇంకా తమ యంత్రంలో చూడలేదని అర్థం. 'నీడ్‌ఇన్ఫో' అని మారితే బంతి మీ కోర్టులో ఉన్నట్టే. 6 నెలలు జవాబివ్వకపోతే గుర్తుచేసి, ఆ తర్వాత మూసేస్తారు. "నాకూ ఇదే సమస్య" అని రాయడం వల్ల అందరికీ ఒక ఈమెయిల్ పోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు, ఆ బగ్ సమాచారం అందుకునేవాళ్ల జాబితా అయిన సీసీలో పేరు చేర్చుకుంటే చాలు.

పాత వెర్షన్‌లో బాగుండి కొత్తదాంట్లో చెడిన బగ్‌కు పరిష్కారం దొరికే అవకాశం ఎక్కువ. ఏ వెర్షన్‌లో బాగుందో చెబితే, ఏ మార్పు వల్ల చెడిందో వెతికి పట్టుకునే పద్ధతి వాళ్ల దగ్గర ఉంది. మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడే డాక్స్ ఫైళ్లలో పట్టికలు, బొమ్మలు కదిలిపోయే పాత బగ్‌లు మాత్రం ఏళ్లు గడిచినా తెరిచే ఉంటాయి. ఈ ఒక్క విషయంలో నాకు నిజంగా అసంతృప్తి ఉంది. బయటికి పంపే డాక్స్‌ను అందుకే వీలైతే పీడీఎఫ్‌గా కూడా ఇవ్వాలి.

ఏటా ఫిబ్రవరి, ఆగస్టుల్లో కొత్త వెర్షన్ వస్తుంది. లినక్స్ పంపిణీతో వచ్చినది పాతదైతే, బగ్ రాసేముందు తాజా యాప్‌ఇమేజ్ (నేరుగా నడిచే ఒకే ఫైలు) దించుకుని ఇన్‌స్టాల్ చేయకుండానే పరీక్షించవచ్చు.

గడువు తప్పకూడని ఆఫీసైతే లిబ్రేఆఫీస్ కోడ్ మీద పనిచేసే కొలాబొరా లాంటి సంస్థ దగ్గర డబ్బు కట్టి సపోర్ట్ తీసుకోవాలి. సరిచేసిన కోడ్ అసలు లిబ్రేఆఫీస్‌లోకి కూడా వెళ్లాలని ఒప్పందంలో రాయించుకోండి. లేకపోతే మామూలు లిబ్రేఆఫీస్‌కు మారిన రోజు అదే బగ్ మళ్లీ ఎదురవుతుంది.