ఫ్రాన్స్ టూర్‌లో ఫ్రెంచ్: పేపర్ కొనాలా, రేడియో వినాలా?

క్లాసులో నేర్చుకున్న ఫ్రెంచ్‌తో పది రోజులు ఫ్రాన్స్ తిరగడానికి వెళ్తున్నారు. అక్కడివాళ్లు రోజూ చదివేది, వినేది కావాలి. టైమేమో తక్కువ.

ఖర్చు: దినపత్రికకు కొన్ని యూరోలు, రేడియో ఫ్రీ. ఊళ్లలో ఎక్కువగా ఆదివారాలు జరిగే పాత సామాన్ల సంతల్లో, అంటే వీద్-గ్రెనియేల్లో, బొమ్మల కథల పుస్తకాలు కూడా చవగ్గా దొరుకుతాయి.

శ్రమ: పేపర్ మన వేగంతో నడుస్తుంది. రేడియో మన కోసం ఆగదు. కానీ ఫ్రాన్స్ఇన్ఫో (105.5 ఎఫ్ఎం) రోజంతా అవే వార్తలు తిప్పి తిప్పి చెబుతుంది. పొద్దున తలకెక్కనిది మధ్యాహ్నానికి కొంత తెలిసిపోతుంది.

రిస్క్: పేపర్‌తో ఉన్న రిస్క్ తప్పు పత్రికను ఎంచుకోవడమే. బుధవారం వచ్చే 'లె కనార్ ఆన్‌షెనే' నిండా శ్లేషలు, రాజకీయ వెటకారం. కొత్తవాళ్లకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పశ్చిమాన ఉన్న బ్రిటనీ వైపు వెళ్తే 'వెస్ట్-ఫ్రాన్స్' దినపత్రిక జిల్లా పేజీ తీసుకోండి: జాతర, రోడ్డు మూసివేత, సంతాప ప్రకటనలు. నిన్న నడిచిన వీధి పేరే కనిపిస్తే సగం అర్థం దానంతటదే వస్తుంది.

ఇంకో సంగతి. రేడియో హైదరాబాద్ వచ్చాక కూడా యాప్‌లో దొరుకుతుంది, కాగితం మీది ఆ జిల్లా పేజీ, ఆ సంత పుస్తకాలు ఇక్కడ దొరకవు. అందుకే నా ఓటు కాగితానికే.

కారు అద్దెకు తీసుకుని తిరిగేవాళ్లకు మాత్రం రేడియో. రైలు ప్రయాణాలైతే పేపర్. చెవి బొత్తిగా అలవాటు కాకపోతే ముందు ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్ఎఫ్ఐ వారి పది నిమిషాల సులభ ఫ్రెంచ్ వార్తలు. అవి నేర్చుకునేవాళ్ల కోసమే చేసినవి, అయినా వార్తలు నిజమైనవే.